తొట్టిలో ఎంతమంది

ఫిబ్రవరి 3

బావమరిదికి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, నీ కాలూ, కాలుకి కాపలా ఉన్న మీ అక్కా బాగున్నారనుకుంటున్నాను. సొంత మందుల షాపులో పై అర అందుకోబోయి నిచ్చెన మీంచి పడ్డవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఆ దగ్గు మందేదో కింది అరలో పెట్టుకుని ఉంటే మీ అక్క ఈ పాటికి ఇంట్లోనే ఉండేది. నువ్వు పెళ్ళి చేసుకుని ఉన్నా ఉండేది. రెండింట్లో ఏదీ చెయ్యలేదు నువ్వు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటంటావేమో. ఫోనులో నేను 'ఆఁ?' అనడం, నువ్వు అరవడం, మళ్ళీ నేను 'ఆఁ?' అనడం, చివరికి ఇద్దరం వేరే వేరే విషయాలు మాట్లాడుకుని పెట్టెయ్యడం నీకు తెలిసిందే. ఇన్నేళ్ళు మిల్లులో మగ్గాల మధ్య తిరిగిన చెవులు ఇవి. కాగితం మీద మాత్రం నీ గొంతు శుభ్రంగా వినిపిస్తుంది.

సంగతేమిటంటే, మా వీధి చివర సెలూన్ మూసేశారు. అద్దాలూ కుర్చీలూ అమ్ముతున్నారంటే చూద్దామని వెళ్ళి, వాళ్ళ గాజు తొట్టి తెచ్చుకున్నాను. అరవై లీటర్లు పడుతుంది. హాల్లో టీవీ పక్కన పెట్టాను. రిటైరయ్యాక ఏదో ఒకటి పెంచుకోమని అందరూ అంటున్నారు కదా. కుక్కని తెచ్చుకుంటే అది మొరిగినా నాకు తెలీదు, దాని శ్రమంతా దండగ. చేపలైతే నాకూ వాళ్ళకీ సమానం.

తోకలు రంగురంగులుగా ఉండే చిన్న చేపలు, గప్పీలంటారు. తొట్టిలో ఎంతమందిని పెట్టాలో తేలడం లేదు. నువ్వు మోతాదులు తెలిసినవాడివి కాబట్టి అడుగుతున్నాను. మీ అక్కకి మాత్రం చెప్పకు. ఇంటికొచ్చి చూసి ఆశ్చర్యపోవాలి.

కాలు కింద రెండు దిండ్లు పెట్టుకో. ఒకటి చాలదు.

మీ బావ

*

ఫిబ్రవరి 12

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అక్క చేతికే వచ్చింది. విప్పకుండా నాకిచ్చి, చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఏం రాశారంటే ఆరోగ్యం గురించి అన్నాను. ఎవరి ఆరోగ్యం అంది. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని మీకు తెలుసు. ఈ పనికి మీరు సరైన మనిషిని ఎంచుకోలేదు.

కాలు సిమెంటు కట్టులో ఉంది. అక్క పొద్దునే వంట ముగించి, షాపు తెరిచి, నన్ను కుర్చీలో కూలేసి, వచ్చినవాళ్ళకి మందులిస్తోంది. మొదట్లో ఇది ఏ అరలో ఉంది, అది ఏ అరలో ఉంది అని అడిగేది. వారం తిరక్కుండానే అడగడం మానేసింది. ఇప్పుడు నేను అడుగుతున్నాను, ఎందుకంటే అరలన్నీ మార్చేసింది.

చేపల విషయానికొస్తే, మందుకైనా చేపకైనా పద్ధతి ఒకటే, తక్కువతో మొదలుపెట్టాలి. ముందు నీళ్ళు పోసి, గాలి పంపు పెట్టి కొన్నాళ్ళు ఊరికే వదిలెయ్యండి. తర్వాత నాలుగు తెచ్చుకోండి. అవి నిలదొక్కుకుంటే ఇంకో నాలుగు. ఎనిమిదికి మించి వద్దు. అవి ఆ నీళ్ళలోనే తిని, ఆ నీళ్ళలోనే మిగతా పనులూ కానిస్తాయి. మనల్నైనా ఒక గదిలో పదిమందిని వేసి తలుపులు బిగిస్తే ఎలా ఉంటుందో చూసుకోండి.

ఇంకో మాట. చెవి మిషన్ పెట్టుకుంటున్నారా అని అక్క అడగమంది. అద్దం బీరువా పై సొరుగులో ఉందట, బాటరీలు పక్కనే.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 24

బావమరిదికి,

నీ ఉత్తరం కాస్త ఆలస్యంగా చేరింది. అప్పటికే పన్నెండు మందిని తీసుకొచ్చేశాను. గుంపుగా ఉంటేనే వాళ్ళకి కులాసా అన్నాడు చేపల షాపతను. నలుగురైతే బెంగ పెట్టుకుంటారన్నాడు. అన్నాడనే అనుకుంటున్నాను. అతనికి మీసాలు పెద్దవి, పెదాలు సరిగా కనిపించవు. అందరూ మగవాళ్ళేనని కూడా అన్నాడు, కాబట్టి ఇంట్లో పిల్లల బెడద ఉండదు.

మొదట్లో బాగానే ఉన్నారు. తర్వాత నీళ్ళు పాలు కలిపినట్టయ్యాయి. నలుగురు పోయారు, ఎనిమిది మంది మిగిలారు. పోయినవాళ్ళని బాల్కనీలో పూలకుండీలో పూడ్చాను. మిగిలినవాళ్ళు ఒక మూలకి చేరి నన్నే చూస్తున్నారు. అయినా నువ్వు చెప్పిన ఎనిమిదికే వచ్చి ఆగాం కదా, ఒక రకంగా నీ మాటే నెగ్గింది.

చెవి మిషన్ సంగతి. నేను అడిగింది చేపల గురించి, చెవుల గురించి కాదు. అది పెట్టుకుంటే గరిటె కింద పెట్టినా మగ్గం విరిగి పడ్డట్టు ఉంటుంది. దుమ్ము దులిపి జాగ్రత్తగానే ఉంచానని మీ అక్కకి చెప్పు.

కట్టు ఎప్పుడు విప్పుతారు? ఇక్కడ నేను వండుకుంటున్నది నేనే తినాల్సి వస్తోంది.

మీ బావ

*

మార్చి 6

బావగారికి,

ముందుగా అక్క తన సానుభూతి తెలియజేయమంది.

ఏం జరిగిందంటే, మీ ఉత్తరం చదువుతుంటే నా భుజం మీదుగా వంగి ఒక్క లైను చూసింది. మిగతా లైన్లన్నీ వదిలేసి 'నలుగురు పోయారు, ఎనిమిది మంది మిగిలారు' అన్న లైనే చూసింది. మీ మిల్లు స్నేహితులనుకుంది. ఆ పొడుగాయన కూడానా అని అడిగింది. తెలీదన్నాను. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పలకరించి రమ్మనీ, ఆ ఇళ్ళలో మీరు ఎక్కువ మాట్లాడొద్దనీ రాయమంది.

బావగారూ, దయచేసి చేపల్ని 'మంది' అనకండి. 'నాలుగు పోయాయి' అని రాసి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు.

మూడో వంతు నీళ్ళు తీసేసి కొత్తవి పొయ్యండి. కొళాయి నీళ్ళని ఒక రోజు బకెట్లో నిలవ ఉంచాకే పొయ్యాలి. మేత రోజుకి ఒక్కసారి, చిటికెడు. మీరు ప్రేమకొద్దీ వేస్తున్నట్టున్నారు. షాపులో చూస్తుంటాను కదా, ప్రేమకొద్దీ ఒకటికి రెండు మాత్రలు వేసేవాళ్ళ ఇళ్ళలోనే ఎక్కువ గొడవలు.

కాలు ఇంకా నొప్పిగానే ఉందని రాయమంది అక్క. ఉంది.

మీ బావమరిది

*

మార్చి 19

బావమరిదికి,

మీ అక్క సానుభూతి అందింది. ఆ పొడుగాయన కులాసాగా ఉన్నాడు, నిన్న కూరగాయల దగ్గర కనిపించాడు. నేను ఎందుకంత ఆప్యాయంగా చేతులు పట్టుకున్నానో అతనికి అర్థం కాలేదు.

ఇక్కడ పరిస్థితి తారుమారైంది. మొన్న పొద్దున చూస్తే తొట్టిలో కనురెప్ప వెంట్రుకల్లాంటివి తిరుగుతున్నాయి. కళ్ళజోడు తెచ్చుకుని చూస్తే పిల్లలు. ముప్పై దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత వాళ్ళు నిలబడలేదు. షాపుకి వెళ్ళి అందరూ మగవాళ్ళేనన్నావు కదయ్యా అంటే అతను ఒక కాగితం మీద రాసి చూపించాడు. 'మగవి మూడే' అన్నాడట. నాకు 'మగవే మొత్తం' అని అందింది. మీసం కింద రెండూ ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు చెప్పు, ఎంతమందిని ఉంచాలి? ఎనిమిదికి మించొద్దన్నావు. అంటే ఎవరిని వద్దనుకోవాలి? రాయడం తేలిక. చిన్న వల పట్టుకుని తొట్టి ముందు నిలబడితే తెలుస్తుంది. పెద్దవాళ్ళలో ఒకడికి తోక సగమే ఉంది. ఎవరికైనా ఇద్దామన్నా వాణ్ణి ముందు తీసుకునేవాళ్ళెవరూ ఉండరు.

ఇది చాలదన్నట్టు కింది వాటా వయొలిన్ టీచరమ్మ తలుపు కింది నుంచి చీటీ తోసింది. మా గాలి పంపు ఆవిడ సీలింగులో మోగుతోందట. మోగినందుకు కాదు, అపశ్రుతిలో మోగుతున్నందుకు ఆవిడ బాధ. చాలాసార్లు బెల్లు కొట్టి, చివరికి చీటీ రాసిందట. పంపు కింద పాత రబ్బరు చెప్పు పెట్టాను. ఇప్పుడు శ్రుతి కుదిరిందో లేదో నాకెలా తెలుస్తుంది?

నీ కాలు సంగతి నాకు నచ్చడం లేదు. మిల్లులో కాలు విరిగినవాళ్ళు ఈ పాటికి డ్యూటీకి వచ్చేసేవాళ్ళు. మీ డాక్టరు మీద నమ్మకం పోయింది. వచ్చే నెల నేనే వచ్చి చూస్తాను. టీచరమ్మకి తొట్టి అప్పజెప్పి వస్తాను.

మీ బావ

*

మార్చి 28

బావగారికి,

దయచేసి రాకండి. కాలు నయమైంది. కట్టు విప్పి చాలా రోజులైంది, నిన్న బస్సు కోసం పరిగెత్తాను కూడా. నొప్పిగా ఉందని రాయమన్నది అక్క. ఎందుకని నేను అడగలేదు, వంట బాగుంటోంది కాబట్టి.

ఈసారి మీ ఉత్తరం అక్కే విప్పింది. డాక్టరు మీద నమ్మకం పోయిందన్న దగ్గర తలెత్తి నన్ను చూసింది, నేను షాపు బోర్డు చూశాను. తొట్టి సంగతి మొదటి నుంచీ చెప్పేశాను. చనిపోయినవాళ్ళు చేపలని తెలిశాక కోప్పడుతుందనుకున్నాను. 'జవాబు చెప్పనివాళ్ళు ఇంట్లో ఒకరుంటే చాల్లేదా?' అంది.

మీకు ఇంకో విషయం చెప్పాలి. అక్క ఇప్పుడు రోజంతా కౌంటర్లోనే ఉంటోంది. నాకన్నా బాగా చేస్తోంది. ఒకావిడ మోకాళ్ళ మాత్రలకని వచ్చి గంటసేపు కూర్చుని, మాత్రలు మర్చిపోయి వెళ్ళింది. మొన్న షాపు కట్టేస్తూ, ఎప్పుడు బయల్దేరతావని మామూలుగానే అడిగాను. కాసేపు సీసాలు సర్దింది. తర్వాత అంది కదా:

"ఇక్కడ ఏదైనా ఒక్కసారి చెప్తే చాలురా. అక్కడ ప్రతిదీ మూడుసార్లు చెప్పాలి. మూడోసారి చెప్పేటప్పటికి అది అసలు చెప్పదగ్గ మాటే కాదనిపిస్తుంది."

ఇది మీకు రాయమని చెప్పలేదు. రాయొద్దనీ చెప్పలేదు.

చేప పిల్లల్ని తీసి వేరే గిన్నెలో పెట్టండి. లేకపోతే పెద్దవే తినేస్తాయి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 9

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. కాలు నయమైనందుకు సంతోషం.

ఇక్కడ గాలి పంపు ఆగిపోయింది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, నేను తొట్టికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాను. కింద టీచరమ్మకి మోత ఆగినట్టు తెలిసింది. ముందు హాయిగా అనిపించిందట. ఎంతకీ మళ్ళీ మొదలవకపోయేసరికి అనుమానం వచ్చి, పైకొచ్చి బెల్లు కొట్టింది, తలుపు బాదింది. నేను ప్రకటనలతో సహా చదివి, పేపరు మడిచి లేచి తిరిగాను. పిల్లలు నీళ్ళ మీద తేలుతున్నారు. పెద్దవాళ్ళు కొందరు మూతులు పైకి పెట్టి గాలి అందుకుంటున్నారు.

సహాయానికి ఎవరినైనా పిలుద్దామని తలుపు తీస్తే ఆవిడ అక్కడే ఉంది. ఏదో అంది, నాకు అందలేదు. రెండోసారి చెప్పకుండా లోపలికొచ్చేసి, చెంబుతో తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోయడం మొదలుపెట్టింది. అలా పోస్తే నీళ్ళకి గాలి అందుతుందట. నేను గిన్నె తెచ్చుకున్నాను. ఇద్దరం పొద్దు వాలేదాకా పోశాం. ఆవిడ ఆ పూట పాఠాలు మానుకుంది.

తొమ్మిది మంది మిగిలారు. పిల్లల్లో ఒక్కరే. సగం తోకవాడు ఉన్నాడు.

పంపు బాగుచేయించి, చెవి మిషన్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆగితే తెలుస్తుంది. టీచరమ్మ చెప్పింది నిజమే, అపశ్రుతిలోనే ఉంది.

మీ బావ

*

ఏప్రిల్ 17

బావగారికి,

మీరు మిషన్ పెట్టుకున్నారని చదివి నేను చాలా సంతోషించాను. అక్క కూడా సంతోషిస్తుందని షాపులోనే చదివి వినిపించాను. అంత తెలివితక్కువ పని ఈ మధ్య చెయ్యలేదు.

చివరిదాకా నిలబడి వింది. ఎదురుగా ఉన్నాయనకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత స్టూలు మీద కూర్చుని, నాతో కాదు, గల్లాపెట్టెతో అన్నట్టు అంది.

"ఎన్నేళ్ళు బతిమాలాను. నా మాట వినడానికి పెట్టుకోనిది, పంపు వినడానికి పెట్టుకున్నాడా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఎవరి కోసమైతేనేం, పెట్టుకున్నారు కదా అన్నాను. ఆ మాటతో అది పూర్తిగా చెడింది. మర్నాడు పొద్దున, తను ఇక్కడే ఉండిపోతోందని మీకు రాసెయ్యమంది. రాస్తున్నాను.

బావగారూ, అక్క మాట మీకూ, మీ మాట అక్కకీ నేను చేరవేయడం వల్ల ఇంతవరకూ ఎవరికీ మేలు జరగలేదు. మొదట చేపలు దాచాను, తర్వాత కాలు దాచాను, ఏదీ దాచకుండా చదివితే ఇలా అయింది. ఈసారి ఏం రాసినా నేరుగా అక్కకే రాయండి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 29

బావమరిదికి,

మీ అక్కకే రాద్దామని కూర్చున్నాను. పెళ్ళయ్యాక మేం ఉత్తరం రాసుకునేంత దూరంలో ఎప్పుడూ లేం. ఏమని మొదలుపెట్టాలో తెలియక కాగితం పాడుచేశాను. కాబట్టి నీకే రాస్తున్నాను. చదివి వినిపించు. షాపులో మాత్రం వద్దు.

మిషన్ పెట్టుకున్నప్పటి నుంచి ఇంట్లో చాలా వినిపిస్తున్నాయి. కొళాయి కారుతోంది. ఫ్రిజ్ మూలుగుతోంది. కింద వయొలిన్ నేర్చుకునే అమ్మాయి ఎప్పుడూ ఒకే చోట తప్పుతుంది, ఆ చోటు వస్తోందంటే నాకు గుండె దడ. పాలతను బెల్లు కొడితే నేను తలుపు తీశాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మీ అక్క ఒక్కతే ఉంటోందనుకున్నాడట. గ్యాసు కంపెనీ వాళ్ళు ఫోను చేసి అమ్మగారిని పిలవమన్నారు. బ్యాంకు వాళ్ళూ అమ్మగారినే అడిగారు. బయటి నుంచి నాకు రావలసిన ప్రతి మాటా మీ అక్క దగ్గర ఆగి, నాకు అందేటంత పెద్దగా మారి, అప్పుడు నా దగ్గరికొచ్చేదన్నమాట. నేను దాన్ని ఇంటి పనుల్లో ఒకటనుకున్నాను, ఇల్లు ఊడ్చినట్టు.

చేపల కోసం పెట్టుకున్న మాట నిజం. కాదని రాస్తే మీ అక్క నమ్మదు. నేను వినకపోతే చేపలు చచ్చిపోయాయి, అది కంటికి కనిపించింది. మీ అక్కకి ఏమవుతోందో కనిపించలేదు. ఆవిడ ఎప్పుడూ బాగానే తిరుగుతూ ఉండేది.

రమ్మని అడగడం లేదు. అక్కడ మాట్లాడితే వినేవాళ్ళు ఉన్నారంటే మంచిదే. ఒక్కటి మాత్రం అడిగి రాయి. తొట్టి ఉన్నది ఆవిడ ఇంట్లో, ఆవిడ కూర్చునే కుర్చీకి ఎదురుగా. ఎంతమందిని ఉంచాలన్నది షాపతను చెప్పినా కుదరలేదు, నువ్వు చెప్పినా కుదరలేదు, నాకు నేనుగా తేల్చుకోలేకపోయాను. ఆవిడ ఎంతంటే అంత. ఒక్కరూ వద్దంటే అందరినీ తీసుకుంటానని టీచరమ్మ అంది.

మీ బావ

*

మే 8

బావగారికి,

ఇంట్లోనే, తలుపులు వేసి చదివి వినిపించాను. అక్క ఉత్తరం చేతికి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. చాలాసేపటికి తలుపు దగ్గరికొచ్చి, పాలతను నిజంగా అలా అన్నాడా అని అడిగింది. నవ్వు ఆపుకుంటోందో ఇంకేమైనా ఆపుకుంటోందో నాకు తెలియలేదు.

ఎన్ని చేపలని రాయమంటావని అడిగాను. చూడకుండా ఎలా చెప్తానంది. శనివారం మొదటి బండికి బయల్దేరుతోంది.

ఒక షరతు ఉంది. నెలలో సగం రోజులు ఇక్కడికొచ్చి కౌంటర్లో కూర్చుంటుంది. ఇది మిమ్మల్ని అడగడం కాదు, చెప్పడం అని మరీ మరీ రాయమంది. నాకూ ఇదే మంచిది. నేనొక్కణ్ణే ఉంటే జనం మందులు తీసుకుని వెళ్ళిపోతున్నారు. మోకాళ్ళావిడ అయితే తలుపు దగ్గర నుంచే తొంగి చూసి, అమ్మాయి లేదా అని వెనక్కి తిరిగింది.

స్టేషనుకి రావద్దంది. వస్తే ఇద్దరూ జనంలో తప్పిపోతారట. ఇంటికొచ్చి బెల్లు కొడతానంది.

మీ బావమరిది

*

మే 16

బావమరిదికి,

మీ అక్క క్షేమంగా చేరింది. బెల్లు మొదటిసారి మోగగానే తలుపు తీశాను. పొద్దుటి నుంచీ తలుపు వెనకే నిలబడి ఉన్నాను కాబట్టి అది లెక్కలోకి రాదంది.

సంచి దించి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళింది. నడుం వంచి చూస్తూ ఉండిపోయింది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లో మాట్లాడుకునే పద్ధతి నీకు తెలుసు. ఎంత పనిలో ఉన్నా మీ అక్క వచ్చి నా ఎదురుగా నిలబడాలి, నేను తనని చూస్తున్నానని ఖాయం చేసుకోవాలి, అప్పుడు గొంతు పెంచి మొదలుపెట్టాలి. ఈసారి నా వైపు తిరగలేదు. గాజు వైపే మొహం పెట్టి, మామూలు గొంతుతో, చెప్పాలంటే మామూలు కన్నా చిన్నగానే అంది.

"ఆరు చాలు."

"తొమ్మిది మందీ ఉంటారు," అన్నాను.

వెంటనే తిరగలేదు. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. పంపు మోగుతూనే ఉంది. తర్వాత ఇంకా చిన్నగా, పెదవి దాటిందో లేదో అన్నట్టు మళ్ళీ 'ఆరు' అంది. నేను కుదరదన్నాను.

ఆ పూటంతా అదే వాదన. కూర తరుగుతూ వంటింట్లోంచి ఒకటంటే నేను హాల్లోంచి ఒకటన్నాను. మేం ఆఖరిసారి ఇంతసేపు వాదించుకున్నది ఎప్పుడో ఇద్దరికీ గుర్తురాలేదు. ఆ విషయం మీదా కొంతసేపు వాదించుకున్నాం. రాత్రికి మీ అక్క ఏడు దాకా వచ్చింది. నేను దిగలేదు. పొద్దున లేచి ఇంకో గదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ ఆరుతో మొదలుపెట్టింది.

ఇప్పటికి ఇంతే. లోపల్నుంచి పిలుస్తోంది.

మీ బావ